క్యారియర్‌లో మూడో గిన్నె

పోయిన నెల ఒక శనివారం ఉదయం ఏడుంపావుకు నేను ఇడ్లీ పిండిలో ఉప్పు కలుపుతున్నాను. ఫోన్ మోగింది. శనివారం ఆ వేళకు మా ఇంటికి ఫోన్ చేసే మనిషి ఒక్కరే. పిండి చెయ్యి అలాగే ఉంచి ఎడమ చేత్తో ఎత్తి, "చెప్పండి అంకుల్" అన్నాను.

"నేనమ్మా, ఆంటీని," అన్నారు అవతల ఆయన భార్య. "మొన్న గురువారం పోయిండు. నిద్రల్నే. శనివారం ఫోన్ రాకపోతే నువ్వు పరేషాన్ అయితవని చేస్తున్న."

నేనేం జవాబిచ్చానో సరిగా గుర్తు లేదు. ఆమే నన్ను ఓదార్చినట్టు గుర్తు. ఫోన్ పెట్టాక పిండి కలపడం పూర్తి చేశాను. కాసేపటికి మావారు లేచి వచ్చి, "ఏమంటున్నాడు మీ తుపాకులాయన?" అని అడిగారు. అప్పుడు చెప్పాను.

ఆయన హైదరాబాద్ నుంచి వచ్చి డునెడిన్‌లో తుపాకుల దుకాణం పెట్టుకున్న మనిషి. మేముండేది ఆక్లండ్‌లో, బోటనీ డౌన్స్‌లో. ఆయనది దక్షిణ దీవి, మాది ఉత్తర దీవి. కళ్లతో చూసింది ఒక్కసారే. నాకు ఆయన చాలావరకు ఒక గొంతు. కొంచెం బొంగురుగా, తొందర లేకుండా ఉండేది. అబద్ధం చెప్పవలసి వస్తే ముందు దగ్గేవారు. అబద్ధం ఆయనకు చేతకాదు, దగ్గుతోనే దొరికిపోయేవారు.

మొదటిసారి ఆయన ఫోన్ చేసింది కూడా శనివారమే, ఆ వేళకే. పాపకు నాలుగో నెల. మావారు ఆఫీసు స్నేహితులతో జింకల వేటకు వెళ్లడం మొదలుపెట్టిన రోజులు. కోడిని కోస్తుంటే మొహం తిప్పుకునే మనిషికి ఈ సరదా ఎలా పట్టుకుందో నాకు అర్థం కాలేదు, కానీ వద్దనలేదు. అంతకు ముందు ఏడాదే లైసెన్సు తీసుకున్నారు. అప్పుడు పోలీసుల తరఫున ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చి, మావారిని తోటలోకి పంపి, నన్ను విడిగా కూర్చోబెట్టి అడిగారు, మీ ఆయన చేతిలో తుపాకి ఉంటే మీకేమైనా బెంగా అని. లేదన్నాను. నిజమే చెప్పాను. ఆయన టీ తాగి, బిస్కెట్లు బాగున్నాయని మెచ్చుకుని వెళ్లిపోయారు. అప్పటికి పాప ఇంకా పుట్టలేదు.

తర్వాత మావారు డునెడిన్ దుకాణంలో ఒక పాత రైఫిల్ ఉందని ఇంటర్నెట్‌లో చూశారు. మన ఊళ్లోనే కొనుక్కుంటే కౌంటర్ దగ్గర లైసెన్సు చూపించి తెచ్చుకోవచ్చు. ఇంకో ఊరి నుంచి పోస్టులో తెప్పించుకోవాలంటే ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి. వాళ్లు లైసెన్సు చూసి, మనిషిని చూసి, ఆర్డరు మీద సంతకం పెట్టాలి. ఆ కాగితం చేరాకే దుకాణదారు సరుకు పంపాలి. మావారు అదంతా చేశారు. చట్టం అడిగినవన్నీ సక్రమంగా ఉన్నాయి.

ఆ శనివారం ఉదయం నేను పాలసీసాలు కడుగుతున్నాను. ఫోన్‌లో ఎవరో ఇంగ్లీషులో, ఒక్కో మాటా తూచినట్టుగా, ఈ ఇంటి ఆవిడతో మాట్లాడవచ్చా అని అడిగారు. నేనేనని పేరు చెప్పాను. కాస్త ఆగి, "తెలుగోళ్లా?" అన్నారు.

"అవునండి."

"ఏ ఊరమ్మా?"

"తెనాలండి."

"అనుకున్న. మాటకొక అండీ. నాది హైదరాబాద్. మీ ఆయన కొన్న రైఫిల్ నా దుకాణందే."

"ఆయన పడుకున్నారండి. లేపమంటారా?"

"ఒద్దు. నాకు నీతోనే పని. తుపాకి మీ ఇంటికొస్తున్నది. నీకిష్టమేనా?"

ఇష్టమేనండి అన్నాను. అలవాటుగా వచ్చిన మాట అది.

"ఇంట్ల ఎవరెవరుంటరు?"

"మేమిద్దరం, పాప. నాలుగో నెలండి."

"నిద్రపోతున్నదా?"

"పగలు బాగానే పడుకుంటుందండి. రాత్రుళ్లే కొంచెం..."

"పాప సంగతి కాదు బిడ్డా. నిన్నడుగుతున్న."

నేను వంటింట్లో నేల మీద కూర్చున్నాను. అవతల కెటిల్ మరుగుతున్న చప్పుడు, తర్వాత అది ఆగిన చప్పుడు వినిపించాయి. చాలాసేపటికి మళ్లీ ఆయనే అడిగారు, మెల్లగా, "తుపాకి ఇంట్ల ఉంటదంటే నీకు భయమైతుందా?"

"తుపాకి అంటే కాదండి," అన్నాను. "నేనంటేనే నాకు భయంగా ఉంది."

ఆ మాట అంతకు ముందు నేను ఎవరితోనూ అనలేదు. మా అమ్మతో అనలేదు. పసిపిల్లల్ని చూడటానికి ఇంటికి వచ్చే నర్సుతోనూ అనలేదు. ముక్కూ మొహం తెలియని మనిషితో అనేశాను. ఆయన అయ్యో అనలేదు. ధైర్యం చెప్పలేదు.

"సరే. విను. తుపాకి గొట్టం నిన్న బయలెల్లింది, అది వస్తది. బోల్టు నా దగ్గర ఉంది. అది రాదు. నువ్వు పంపుమన్న రోజే పంపుత."

తూటాను లోపలికి తోసి గది మూసే ఇనుప ముక్క అది. అది లేని రైఫిల్ పేలదు. ఆయన ఏ తుపాకినైనా రెండు పార్సిళ్లుగా పంపేవారని నాకు తర్వాత తెలిసింది. ముందు గొట్టం, ఇంట్లో మనిషితో మాట్లాడాక బోల్టు.

"ఇప్పుడు పోయి మీ ఆయన్ను లేపు. పిల్లను చేతికిచ్చి నువ్వు పండుకో. కైకు, ఎందుకు అని అడిగితే కాళ్లు గుంజుతున్నయను. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పోతవు?"

"సోమవారం నర్సు వస్తుందండి."

"ఆమెకు నాకు చెప్పిన మాటే చెప్పాలె. అటూ ఇటూ మార్చొద్దు. శనివారం ఫోన్ చేసి అడుగుత. ఇంకొకటి. మీ ఆయనకు నేను చెప్ప. అది నా సామాను కాదు, నీది. నువ్వే చెప్పాలె."

సోమవారం నర్సుకు చెప్పాను. మాట మార్చలేదు. ఆమె ఆ రోజే డాక్టర్‌ను చూసేలా ఏర్పాటు చేసింది. డాక్టర్ మందులు రాశారు, ఇంట్లో చెప్పమన్నారు. చెప్తానన్నాను. చెప్పలేకపోయాను. మావారు మంచివారు. ఆ మంచితనమే నాకు అడ్డమైంది. అంత బాగా చూసుకునే మనిషికి ఈ మాట ఎలా చెప్పడం?

పొడుగాటి పార్సిల్ వచ్చింది. బోల్టు రాలేదు. శనివారం మధ్యాహ్నం మావారు డునెడిన్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. నేను పక్కనే పాప బట్టలు మడతపెడుతున్నాను.

"ఏవండీ, బోల్టు ఎప్పుడొస్తుందండీ?"

అవతల దగ్గు. "వస్తది తమ్మీ. చిన్న రిపేరు."

"బాగానే ఉందని రాశారు కదండీ?"

మళ్లీ దగ్గు. "ఉన్నది. ఆలస్యమైతది. నీకు ఒద్దంటే తుపాకి వాపస్ పంపు, పైసలు వాపస్ ఇస్త."

"నాకు పైసలొద్దు, బోల్టు కావాలి. పోలీసు సంతకం పెట్టించుకుని పంపాను. ఇంకేం కావాలి మీకు? తెలుగువాడివని మర్యాదగా అడుగుతున్నా. ఏం వ్యాపారమయ్యా ఇది? దొంగ వ్యాపారం!"

"బరాబర్ అన్నవు. చట్టం నీ దిక్కే ఉన్నది. కంప్లైంట్ చెయ్యి. నంబర్ రాసుకో."

తుపాకుల వ్యాపారుల మీద ఫిర్యాదు తీసుకునే పోలీసు ఆఫీసు నంబర్‌ను ఆయనే చెప్పారు, రెండుసార్లు, ఆగి ఆగి. మావారు దాన్ని క్యాలెండర్ అంచు మీద రాశారు. "సోమవారం పొద్దున్నే చేస్తా," అని ఫోన్ పెట్టేశారు. "ఎంత పొగరో చూశావా!"

నేను క్యాలెండర్ వైపు చూస్తూ ఉండిపోయాను. సొమ్ము తీసుకుని సరుకు ఆపిన వ్యాపారికి లైసెన్సు నిలుస్తుందో లేదో నాకు తెలియదు. ఎందుకు ఆపావని పోలీసులు అడిగితే ఆయన దగ్గుతారు. నా మాట మాత్రం చెప్పరు. అంతవరకు నాకు నమ్మకం కుదిరింది. ఇక మిగిలింది నేను చెప్పడమే. సాయంత్రం దాకా ఆగితే మళ్లీ చెప్పలేనని, మడతపెడుతున్న చొక్కా చేతిలో ఉండగానే అన్నాను.

"బోల్టు నేనే ఆపమన్నాను."

"నువ్వా? నువ్వెందుకు ఆపమంటావు?"

చెప్పాను. నర్సుకు చెప్పినట్టే, మార్చకుండా.

మావారు లేచి గరాజ్‌లోకి వెళ్లారు. ఉక్కు బీరువా తాళం తీసిన చప్పుడైంది. పొడుగాటి పెట్టె కారులో పెట్టి, లైసెన్సున్న ఆఫీసు స్నేహితుడికి ఫోన్ చేసి, "కొన్నాళ్లు నీ దగ్గర ఉంచు" అని అడిగారు. పాపనూ నన్నూ కూడా కారెక్కించుకున్నారు. ఇంట్లో వదిలి వెళ్లలేదు. తిరిగి వచ్చాక క్యాలెండర్ అంచు చింపేసి, డునెడిన్‌కు ఫోన్ కలిపారు. కలిపారే గానీ మాట రాలేదు. హలో హలో అని రెండుసార్లు పిలిచి, అంకులే మావారిని గుర్తుపట్టారు.

"తిన్నవా తమ్మీ?"

"లేదండి."

"తిను. ఆమెకు కూడ పెట్టు."

అంతే ఆ రోజు సంభాషణ.

నేను కోలుకోవడానికి చాలా నెలలు పట్టింది. దాని గురించి ఇక్కడ రాయను. మందులు, డాక్టరు, మావారు, నర్సు అందరూ ఉన్నారు అందులో. శనివారం ఏడుంపావు కూడా ఉంది. అంకుల్ దుకాణం తెరవకముందే ఫోన్ చేసేవారు. మొదట అడిగేవి మూడే ప్రశ్నలు. తిన్నవా, పండుకున్నవా, మందేసుకున్నవా. జవాబులు అయిపోయాక తన మాటలు మొదలుపెట్టేవారు. నాకు వినడమే హాయిగా ఉండేది.

వాళ్ల నాన్నది హైదరాబాద్‌లో తుపాకుల దుకాణం. అక్కడ లైసెన్సు చాలామందికి తమ రాష్ట్రంలోనే చెల్లేది. సరిహద్దు అవతల కర్ణాటక నుంచి ఎవరైనా కొనడానికి వస్తే అక్కడి కలెక్టరాఫీసు నుంచి అభ్యంతరం లేదని కాగితం, దారిలో తీసుకువెళ్లడానికి ఇంకో కాగితం కావాలి. నెలలు గడిచేవి. బేరం చెడేది. "మా నాయిన రోజూ పొద్దుగాల దుకాణం తలుపు తీసి, అగరుబత్తి ముట్టిచ్చి, చట్టాన్ని తిట్టేటోడు. అదే మా ఇంట్ల పూజ," అనేవారు. ఒకసారి బీదర్ దిక్కు రైతు ఒకాయన అన్నదమ్ముల గట్టు తగాదా నడుస్తుండగా తుపాకి బేరం చేసుకుపోయాడట. కాగితాలు తిరిగి తిరిగి వచ్చేసరికి ఆ ఇద్దరూ కలిసిపోయారు. తమ్ముణ్ని వెంటబెట్టుకుని వచ్చి, టీ తాగి, తుపాకి వద్దని వెళ్లాడు. "మా నాయిన ఆ పొద్దు ఇంకా గట్టిగ తిట్టిండు. కానీ టీ పైసలు తీసుకోలే."

అంకుల్ కూడా తిట్టేవారు. ఈ దేశపు చట్టాన్నీ, పోస్టు ఆర్డర్ల మీద సంతకాలనూ. ఆక్లండ్ వాళ్లు స్టేషన్‌కు తిరగలేక పక్క దుకాణంలో కొనుక్కుంటున్నారని, నిజాయితీగా అమ్మేవాడికే ఈ తిప్పలన్నీ అని. అంత తిట్టి, చట్టం అడగని ఆలస్యాన్ని తనే ఇంకొకటి పెట్టుకునేవారు. ఇదేమిటి అంకుల్ అని ఒకసారి అడిగాను. "చట్టం కొనేటోన్ని అడుగుతది, అమ్మేటోన్ని అడుగుతది. తుపాకి పండుకునే ఇంటిని లైసెన్స్ అప్పుడు ఒక్కసారి అడుగుతది. మళ్ల పదేండ్ల దాక అడగదు. పదేండ్లల్ల ఇల్లు గట్లనే ఉంటదా?" అన్నారు. ఇంకోసారి అడిగితే మా నాయిన అలవాటన్నారు. మరోసారి, "పొద్దుగాల ఏం తోచది బిడ్డా, గందుకు," అన్నారు. మూడూ నిజమే అయి ఉండవచ్చు.

వచ్చిన కొత్తలో ఆయన ఉత్తర దీవి నుంచి వచ్చిన మొదటి ఆర్డరుకే, పోలీసు సంతకం చాలదు, మీ ఊరి స్టేషన్ నుంచి అభ్యంతరం లేదని విడిగా ఉత్తరం తెమ్మన్నారట. హైదరాబాద్ పద్ధతి. ఇక్కడ అలాంటిది లేదని ఆయనకు తెలియదు. ఆ ఊరి కానిస్టేబుల్ ఎవరో ఓపికగా ఒక ఉత్తరం రాసిచ్చాడు. "నాకు అభ్యంతరం లేదు. ఇది ఎందుకు రాస్తున్నానో కూడా తెలియదు." దాన్ని ఫ్రేము కట్టించి దుకాణంలో తగిలించుకున్నారు.

భార్య కొంటే భర్తను ఫోన్ దగ్గరికి పిలిపించేవారు. ఒంటరిగా ఉండేవాళ్లతో ఆయనకు చిక్కు వచ్చేది. నార్త్‌లాండ్‌లో ఒక రైతుకు కుక్క తప్ప ఎవరూ లేరట.

"మరేం చేశారు అంకుల్?"

"కుక్కను ఫోన్ కాడికి తెమ్మన్న. మొరిగింది."

"ఒప్పుకున్నట్టా, వద్దన్నట్టా?"

"తోక ఊపుతున్నదా అని అడిగిన. ఊపుతున్నదన్నడు. పంపిన." చెప్పే ముందు దగ్గలేదు కాబట్టి అది నిజమే. అది చెప్పి ఆయన నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ రోజు నేనూ నవ్వాను. పాప పుట్టాక నేను బయటికి వినపడేలా నవ్వడం అదే మొదలని మావారు అన్నారు.

పాప నడక నేర్చాక ఒక శనివారం, "బోల్టు పంపండి అంకుల్," అన్నాను.

"బరాబర్ చెప్తున్నవా, మీ ఆయన కోసం చెప్తున్నవా?"

"నా కోసమే."

"సరే. వచ్చే శనివారం మళ్ల అడుగుత. అప్పుడూ గిదే చెప్తే పంపుత."

అడిగారు, అదే చెప్పాను, పంపారు. బోల్టును పాత తెలుగు పేపర్లో చుట్టారు. మావారు బోల్టు తీసుకుని స్నేహితుడి ఇంటికి వెళ్లారు. నేను ఆ కాగితం చదువుకున్నాను. హైదరాబాద్‌లో నీటి ఎద్దడి గురించి, ఎప్పటిదో.

ఆ వేసవిలో డునెడిన్ వెళ్లాం. వేసవే అయినా ఆయన స్వెట్టర్ వేసుకునే ఉన్నారు. నేను ఊహించుకున్న దానికంటే పొట్టి మనిషి. మాట్లాడే ముందు కళ్లజోడు తీసి, దాని కాడను పంటి కింద పెట్టుకునేవారు. వేళ్లకు అంటిన నూనెను స్వెట్టర్ మోచేతికే తుడుచుకునేవారు. ఆంటీ అది చూసి, "గుడ్డ పక్కనే ఉంటది, కండ్లకు ఆనది," అన్నారు.

మావారిని చూసి, "నన్ను ఫోన్ల మస్తు తిట్టినవు కదా తమ్మీ," అన్నారు.

"తిట్టలేదండీ, ఏదో కోపంలో..."

"తిట్టినవ్. మంచి తెలుగుల తిట్టినవ్. గీ దేశంల కస్టమర్లు సారీ చెప్పుకుంట తిడతరు, అర్థమే కాదు. నువ్వు తిడుతుంటే ఇంటికి పోయినట్టయింది."

కౌంటర్ వెనక ఉక్కు బీరువా తెరిచి నాకొకటి చూపించారు. స్టీలు టిఫిన్ క్యారియర్, మూడు గిన్నెలది. పెళ్లికి అత్తగారిచ్చిందట. మొదటి గిన్నెలో ఇంట్లోవాళ్లు సరేనన్న బోల్టులు, పోస్టుకు వెళ్లేవి. రెండో గిన్నెలో ఇంకా ఫోన్ కలవనివి. ఒక్కోదానికి ఊరి పేరు రాసిన చీటీ దారంతో కట్టి ఉంది. ఫోన్‌లో మాట్లాడాక ఆపి ఉంచినవాటి కోసం మూడో గిన్నె. అది ఖాళీగా ఉంది. అడుగున నూనె మరక మాత్రం ఉంది.

"నీది గిండ్ల ఉండె," అన్నారు. "ఏడాది దాటింది. రోజూ తుడిచి పెట్టిన, తుప్పు పట్టకుండ."

"ఎవరూ లేరా అంకుల్ ఇప్పుడిందులో?"

"లేరు. ఖాళీ ఉంటే మంచిగనిపిస్తది."

పాప ఆ గిన్నె మూత తీసుకుని నేలకేసి కొట్టి ఆడుకుంది. వద్దంటున్నా వినక, ఆయన పక్కన కూర్చుని ఇంకో మూత ఇచ్చారు. ఆ చప్పుడుకు లోపలికి రాబోయిన కస్టమర్ ఒకడు బయటే నిలబడ్డాడు.

ఆ తర్వాత మళ్లీ వెళ్లలేదు. ఫోన్లు ఆగలేదు. నేను బాగున్నానని ఆయనకు తెలిసినా ఆ మూడు ప్రశ్నలు అడిగేవారు. మూడోది మందు ఆపేశాక పాప గురించిన ప్రశ్నగా మారింది. పోయిన ఏడాది చూపు మందగించి దుకాణం అమ్మేశారు. కొన్నతను ఆ ఊరివాడే, నెమ్మదస్తుడని ఆయనే చెప్పారు. ఫోన్ అలవాటు గురించి అతనికి వివరించారట. అతను శ్రద్ధగా విని, మరి ఇది చట్టంలో ఉందా అని అడిగాడట. లేదని ఆయన నిజమే చెప్పారు.

పోయిన నెల ఆ ఫోన్‌లో ఆంటీని చివరగా క్యారియర్ సంగతి అడిగాను.

"ఇంటికి తెచ్చుకున్నడు. నిమ్మకాయ ఉప్పు పెట్టి తోమిన, నూనె వాసన పోదు. పప్పు పోసుకోనికి రాదు. మీ పాపకు పంపాల్నా, ఆడుకుంటది?"

పంపమన్నాను. వచ్చింది. అదిప్పుడు నా పుస్తకాల అలమరలో ఉంది. పాపకు ఆ వాసన నచ్చలేదు.

మావారి స్నేహితుడు ఈమధ్య ఆ డునెడిన్ దుకాణం నుంచే ఒక రైఫిల్ తెప్పించుకున్నాడు. పోలీసు సంతకం పెట్టించుకుని ఆర్డరు పంపాడు. గొట్టం ఒక పెట్టెలో, బోల్టు ఇంకో పెట్టెలో, రెండూ ఒకే రోజు చేరాయి. అంతా పద్ధతి ప్రకారమే. అతని భార్యను కనుక్కున్నాను, ఎవరైనా ఫోన్ చేశారా అని. ఎవరు, ఎందుకు చేస్తారని ఆమె అడిగింది.

ఆ దుకాణం నుంచి ఇప్పుడు ఇంట్లో మనిషిని అడగడానికి ఫోన్ చేయడం లేదు.